బోర్డు మీద పసుపు

"అతను వెళ్ళేడా? అయితే ఓ చెంబెడు పసుపునీళ్ళు మిషను మీద పోసెయ్యవే. మళ్ళీ మర్చిపోతావు," అన్నారు మా అత్తగారు కామాక్షమ్మగారు వంటింట్లోంచి.

పాలు దింపెయ్యి, పప్పు కడిగెయ్యి అన్నంత మామూలుగా అన్నారు. నేనూ అంతే మామూలుగా చెంబు తీశాను. మా బట్టలుతికే మిషను పాడైనప్పుడల్లా శ్యామ్ బాబు వస్తాడు, బాగుచేసి వెళతాడు. అతను వీధి గేటు దాటగానే, అతను ముట్టుకున్న మిషనుకి శుద్ధి జరగాలి. అతను ఆదివారం చర్చికి వెళ్ళే మనిషనీ, పొద్దుట్నించీ ఊళ్ళో ఎవరెవరి మిషన్లలో చెయ్యిపెట్టి వచ్చాడోననీ అత్తగారి బాధ. బాధ ఆవిడది, పోసే చెయ్యి నాది. ఈ ఇంట్లో పదిహేనేళ్ళుగా పంపకం ఇలాగే ఉంది. అయితే ఆ రోజు చెంబు పట్టుకున్న నా చెయ్యి వణికింది, నీళ్ళు కాళ్ళ మీద ఒలికాయి. ఎందుకు వణికిందో చెప్పాలంటే నా భయం సంగతి చెప్పాలి.

నాకు ఆ మిషనంటే భయం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. దెయ్యాలంటే భయం లేదు, పాములంటే లేదు, అమలాపురంలో పుట్టిపెరిగిన దాన్ని, వరదంటే కూడా లేదు. తెల్లగా, బుద్ధిగా, ముందు గుండ్రటి గాజు తలుపుతో వసారాలో కూర్చున్న ఆ మిషనంటే మాత్రం తెల్లవారుజామున నాలుగున్నరకే నా గుండె దడదడలాడుతుంది. మామగారు గౌరీశంకరంగారు మంచాన పడ్డప్పుడు దుప్పట్లు ఉతకలేక దాన్ని కొన్నాం. మామగారు వేదం చెప్పుకున్న మనిషి, మంచంలో కూడా చమత్కారం పోలేదు. "ఎన్నిసార్లు జాడిస్తుందమ్మా ఇది?" అని అడిగారొకసారి నన్ను. మూడుసార్లండి అన్నాను. "మూడు మునకలన్నమాట! ఇంకేం, మడిబట్టలు కూడా వేసుకోవచ్చు. తీసే మనిషి తడిబట్టతో ఉంటే సరి," అన్నారు. నా నడుం చూసి జాలిపడి అన్నారో, నవ్వులాటకే అన్నారో ఇప్పటికీ తెలీదు. ఆయన పోయారు, ఆ మాట శాసనమై కూర్చుంది. మొదట్లో మడిబట్టలు అత్తగారే తీసేవారు. నిరుడు వానాకాలంలో ఒకరోజు హఠాత్తుగా, "నాకు మోకాళ్ళు వంగట్లేదే, ఇకనించి నువ్వే తియ్యి," అన్నారు. అప్పటినించీ తెల్లారి అయిదింటికి తలారా స్నానం చేసి, నీళ్ళోడుతున్న చీరతో, ఉత్త కాళ్ళతో, తడి గచ్చు మీద మోకాళ్ళు వంచి, ఆ ఇనప కడుపులోకి చెయ్యి పెట్టడం నా వంతైంది.

మొదటిసారి కొట్టినప్పుడు ఏదో తేలు కుట్టిందనుకున్నాను. రెండోసారి చెయ్యి జివ్వుమని మోచేతిదాకా పాకింది. మూడోసారి తలుపు చట్రం మీద వేసిన వేళ్ళు వెంటనే రాలేదు. ఒక్క క్షణం, అంతే. కానీ ఆ క్షణంలో నా చెయ్యి నా మాట వినలేదు. అరుద్దామంటే గొంతు రాలేదు. ఆ తర్వాత పడిపోయి గచ్చు మీద కూర్చుండిపోయాను. మా ఆయన దీక్షిత్ గారికి చెప్పాను. ఆయన కాఫీ తాగి, బాత్రూం చెప్పులేసుకుని, పొడిచేత్తో మిషను మీద తట్టి చూశారు. "ఏదీ? నాకేం కొట్టట్లేదే! నీ మొహం, నరాల బలహీనత నీకు," అన్నారు. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు, పాపం. నెల రోజులు బలం మాత్రలు మింగాను. మిషనుకి జబ్బు చేస్తే నేను మాత్రలు మింగాను! ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తోంది గానీ, అప్పుడు నిజంగానే నాకేదో జబ్బుందేమో అనుకున్నాను. అత్తగారు మాత్రం, "మడి కట్టుకోడానికి బద్ధకమైతే అలాగే ఉంటుంది," అని ఊరుకున్నారు.

భయం ఇంట్లో ఆగితే బాగుండును. నేను ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో పనిచేస్తాను. అక్కడ ఇనప బీరువా తెరవాలంటే ముందు చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపు తాకించి, ఏమీ లేదని తెలిశాక గానీ పిడి పట్టుకోను. మా హెడ్డు క్లర్కు సూర్యప్రకాశరావుగారు, "శ్రీకళగారు బీరువాని పలకరిస్తున్నారర్రా, పక్కకి తప్పుకోండి," అంటారు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. వాళ్ళకేం తెలుసు, నేను రోజూ పొద్దున్నే బతికి వచ్చి ఆ బీరువా ముందు నిలబడ్డానని! ఒక్కోసారి నేను పోయినట్టే ఊహించుకునేదాన్ని. తడిచీరతో వసారాలో పడి ఉంటాను. మొదట ఎవరు చూస్తారు? మా భవాని చూస్తుంది, పదకొండేళ్ళ పిల్ల, పళ్ళు తోముకోడానికి అటే వస్తుంది. ఊళ్ళోవాళ్ళు ఏమంటారు? 'మడితో పోయింది, పుణ్యాత్మురాలు,' అంటారు. ఆ మాట నిజంగా అంటారని తెలుసు, అందుకే మరీ భయం వేసేది.

ఇక శ్యామ్ బాబు సంగతి. ఓడలరేవు రోడ్డులో అతని షాపు. నలభై దాటిన మనిషి, మాట మెత్తన, పని నిదానం. ఏడాదిలో మూడుసార్లు మా మిషను ఆగిపోయింది, మూడుసార్లూ బోర్డే. మిషను మెదడంతా ఆ బోర్డులోనే ఉంటుందిట. అతను బాగుచేసిన మూడు నాలుగు నెలలకల్లా మళ్ళీ పోయేది. ఈ మూడోసారి వచ్చినప్పుడు అత్తగారు పూజలో ఉన్నారు, మా ఆయన ఇంకా లేవలేదు. మిషనుని ముందుకి జరిపి, వెనక రెండు స్క్రూలు తీసి, పై రేకు పక్కన పెట్టాడు. నన్ను పిలిచాడు.

"అమ్మగారండీ, ఒకసారి ఇలా వచ్చి చూస్తారా? ఈ ముందు తలుపు మిషన్లంత తేలికైనవి లేవండి. పైది తియ్యడానికి రెండే స్క్రూలు. ఇదిగోండి, కింద ఈ చిన్న మూత తీస్తే ఫిల్టరండి. నెలకోసారి మీరే తీసి కడుక్కోవచ్చు. తలుపు దగ్గర రబ్బరు పొడిగుడ్డతో తుడిస్తే పదేళ్ళు చూసుకోనక్కర్లేదండి."

"మరి బోర్డెందుకు పోతోందండీ?" అన్నాను.

టార్చి వేసి బోర్డు మీదకి పట్టాడు. చూశాను. ఆకుపచ్చ బోర్డు మీద, సన్నటి తీగల మధ్య, అట్టలు కట్టిన పసుపు. చారలు చారలుగా కారి ఎండిపోయిన పసుపు. దాని చుట్టూ తుప్పు.

"కిందటిసారే చూసేనండి," అన్నాడు నెమ్మదిగా, చూపు బోర్డు మీదే ఉంచి. "చెప్పడానికి నాకే మొహమాటం వేసింది. ఆయ్, ఎవరి ఆచారాలు వాళ్ళవండి. కాకపోతే నేను వెళ్ళేక నీళ్ళు పోయకండమ్మా. నాక్కష్టంగా ఉంటుందని కాదండి. ప్రాణం మీదకొస్తుంది."

జేబులోంచి టెస్టరు తీసి మిషను ఒంటికి ఆనించాడు. టెస్టర్లో దీపం వెలిగింది. మిషను ఒంట్లో కరెంటుందన్నమాట. అంటే నాకు జబ్బు లేదు! ఏడాదిగా నేను చెప్పింది నిజం! ఏడవాలనిపించింది. మా వసారాలో సాకెట్టు పాతకాలంది, రెండే బొక్కలు. మూడో పిన్ను అడ్డమొస్తోందని మా ఆయన ఒక చిన్న తెల్ల అడాప్టర్ తెచ్చి మధ్యలో పెట్టారు. శ్యామ్ బాబు దాన్ని చూపించి, "దీనివల్ల ఎర్త్ అందట్లేదండి. లోపల లీకైన కరెంటు భూమిలోకి వెళ్ళే దారి లేక మిషను ఒంట్లోనే ఉంటోంది. తడిగా వచ్చి ఎవరు ముట్టుకుంటే వాళ్ళే దానికి దారి. మన కోనసీమలో రెండడుగులు తవ్వితే నీరేనండి, ఎర్త్ వెయ్యడం అరపూట పని. అందాకా ప్లగ్గు తీసే ఉంచండి," అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా ఆయన ఆవలిస్తూ వచ్చారు. "ఏవయ్యా, మూడోసారి! పాత బోర్డు తెచ్చి కొత్తదని తగిలిస్తున్నావా ఏం? ఇంకో ఇంట్లో తీసింది ఇక్కడ, ఇక్కడ తీసింది ఇంకోచోట, అంతేగా మీ వ్యాపారం!"

"అలా కాదండి పంతులుగారు, ఎర్త్ లేదండి. టెస్టరు వెలుగుతోంది, మీరే చూడండి."

"మీ టెస్టర్లు ఎక్కడ పెట్టినా వెలుగుతాయిలే! మోసం చేసినా ఓ పద్ధతుండాలి."

శ్యామ్ బాబు నా వంక చూశాడు. ఒక్కసారే చూశాడు. నేను ఒక్క మాటంటే చాలు: పసుపు మాదే, పోసింది నేనే. పక్కన పెట్టిన పై రేకుని కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను. మా ఆయన చెయ్యెత్తే మనిషి కాదు. కోపం వస్తే గొంతు తగ్గిస్తారు. అది తగ్గుతున్నకొద్దీ నేను ఒక్కో అడుగు వెనక్కి వేస్తాను. ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడరు, కూతురి చేత కబుర్లు పంపుతారు. ఆ వారానికి భయపడి ఒక మంచిమనిషిని దొంగని చేశాను. "ఆయ్, అలాగేనండి," అని అతను కొత్త బోర్డు బిగించి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అదీ, చెంబు నా చేతిలో వణికిన రోజు కథ. నీళ్ళు మిషను మీద పోయలేదు, గచ్చు మీద పారబోశాను. అంత ధైర్యమే వచ్చింది నాకు, దొంగ ధైర్యం. కాసేపటికి అత్తగారు వచ్చి, "పైనంతా పొడిగా ఉందేవిటే?" అని, తనే ఇంకో చెంబు కలిపి, గుమ్మంలో నిలబడి అక్కణ్నించే విసిరినట్టు పోశారు. పసుపునీళ్ళు పైరేకు సందుల్లోంచి లోపలికి కారుతుంటే చూస్తూ నిలబడ్డాను. చేతులు కట్టుకుని మరీ నిలబడ్డాను.

నాలుగో రోజు మామగారి ఆబ్దికం. తండ్రికి కొడుకు పెట్టే తద్దినం, మా ఇంట్లో దాన్ని మించిన మడి లేదు. తెల్లారగట్ల మెలకువొచ్చేసరికే నాకు తెలిసిపోయింది. బయటున్నాను. గదిలోంచే చెప్పాను.

"మాత్ర వేసుకోలేదూ? తేదీ తెలుసు కదా!" అన్నారు మా ఆయన తలుపవతల నించి.

"వేసుకున్నాను, ఆగలేదు," అన్నాను. ఎనిమిదేళ్ళుగా ప్రతి పండక్కీ ప్రతి తద్దినానికీ వేసుకుంటున్న మాత్ర, దానికి మాత్రం విసుగెత్తదూ? అత్తగారు తల కొట్టుకుని, వంటావిడ ఎలాగూ వస్తోంది, ఆబ్దికం ఆగదులే అన్నారు. ఆ మూడు రోజులూ నేనుండే గది వసారా పక్కదే. కిటికీలోంచి మిషను కనిపిస్తుంది. మా ఆయన స్నానానికి ముందు, పొడిగా, చెప్పులతో వచ్చి మడిబట్టలు వేసి మీట నొక్కి వెళ్ళారు. అది తిరగడం మొదలుపెట్టింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ముందు నాకు వచ్చిన ఆలోచన ఒకటే: హమ్మయ్య, ఈ మూడు రోజులూ నేను దాన్ని ముట్టుకోనక్కర్లేదు. చాప మీద ముడుచుకుని పడుకుని ఆ చప్పుడు వింటూ సుఖపడ్డాను కూడా.

మూడో మునక అయింది. నీళ్ళు బయటికి పోయిన చప్పుడు. గిర్రున తిరిగింది, ఆగింది. తలుపు గడియ టక్కుమంది. అప్పుడు వినిపించింది అత్తగారి గొంతు: "భవానీ, స్నానమైందా? ఆ తడి పరికిణీతోనే రా తల్లీ. ఎవర్నీ ముట్టుకోకు. పెద్దమనిషివి కాలేదు, నీకు మించిన మడేముంది! వెళ్ళి తాతయ్య తద్దినానికి బట్టలు తీసుకురా. తాతయ్య ఎంత సంతోషిస్తాడో!"

కిటికీ దగ్గరికి ఎలా లేచానో తెలీదు. నా కూతురు వస్తోంది. జుట్టులోంచి నీళ్ళు, పరికిణీ అంచులోంచి నీళ్ళు, గచ్చు మీద చిన్న చిన్న తడి పాదాల గుర్తులు. పెద్దవాళ్ళ పని అప్పగించారని మొహం వెలిగిపోతోంది. చెయ్యి ముందుకి చాపుకుంటూ వస్తోంది.

"భవానీ! ఆగు! ముట్టుకోకు!" ఆ అరుపు నాదేనని నాకే తెలియలేదు. పిల్ల బెదిరిపోయి ఆగింది. "అమ్మా, బామ్మే తియ్యమంది," అంది ఏడుపు గొంతుతో. నేను గది దాటాను. ఆ రోజు ఆ గది దాటకూడదు. దాటాను. మైలపడ్డ మనిషిని కాబట్టి నాకు కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి, ఒంటి మీద పొడిబట్ట ఉంది. ఆ ఇంట్లో ఆ పొద్దున పొడిగా ఉన్న ఆడది నేనొక్కదాన్నే! అయినా గోడ దగ్గరికి వెళ్ళి, స్విచ్చిని ముందు వేళ్ళ వెనకవైపు తాకించి చూశాను. స్విచ్చి ఆపాను. కళ్ళు మూసుకుని ప్లగ్గు లాగాను, అడాప్టర్తో సహా ఊడొచ్చింది. అడాప్టర్ పీకి గుప్పిట్లో పెట్టుకున్నాను. అప్పుడు, ఏం చేస్తున్నానో తెలిసే, గుండ్రటి తలుపు తెరిచి రెండు చేతులూ లోపల పెట్టి ఆ మడిబట్టలన్నీ ముట్టుకుని మైలపరిచాను. పంచెలు, కండువా, అత్తగారి చీర, ఒక్కటీ వదల్లేదు. ఇక మూడు రోజులదాకా దీని దగ్గరికి ఈ ఇంట్లో ఎవరూ రారు, నా పిల్ల అసలే రాదు. నన్ను మూల కూర్చోబెట్టే ఆచారమే నాకప్పుడు అక్కరకొచ్చింది.

"అయ్యో అయ్యో, మంట కలిపావు కదే! తద్దినం బట్టలే!" అత్తగారు గుమ్మంలో నోరు బాదుకున్నారు. "పైగా మిషను ముట్టుకున్నావు! లీలావతీ, ఓ చెంబెడు పసుపునీళ్ళు పట్రా అమ్మా!" వంటావిడ లీలావతిగారు చెంబు తెచ్చి గుమ్మంలో పెట్టి, ఇక్కడేదో జరుగుతోందని చల్లగా లోపలికి జారుకున్నారు.

"మీరే పొయ్యండి అత్తయ్యగారూ," అన్నాను. "గుమ్మంలోంచి కాదు, దగ్గరికి రండి. ప్లగ్గు మళ్ళీ పెడతాను. మీరు తడిచీరతోనే ఉన్నారు కదా. ఒక చెయ్యి దీని మీద వేసి, రెండో చేత్తో పొయ్యండి."

ఆవిడ చెంబు అందుకున్నారు. ఒక అడుగు వేశారు. ఆగిపోయారు. ఆవిడ కళ్ళు మిషను మీద ఉన్నాయి, ఆ చూపు నాకు బాగా తెలుసు. పొద్దున్నే అద్దంలో రోజూ చూసే చూపు అది. చెంబు మెల్లగా కిందపెట్టేశారు.

"నాకూ కొట్టిందే," అన్నారు, వినీ వినపడకుండా.

"ఎప్పుడు?"

"నిరుడు వానల్లో. భుజందాకా పట్టేసింది. వాడితో చెప్పేను. నీకు వయసైపోయిందమ్మా, వణుకొచ్చింది అన్నాడు. ఇంకేం చెప్పను? అంచేతే నీకప్పగించేను. చిన్నదానివి, తట్టుకుంటావనుకున్నాను."

"మోకాళ్ళన్నారు?"

ఆవిడ తడిచీర కొంగు పిండుకున్నారు.

"సరే, నేను తట్టుకుంటాననుకున్నారు. మరి భవాని?"

ఆవిడ గోడ పట్టుకుని గుమ్మంలోనే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకున్నారు. నాకు జాలి వేయలేదు. తర్వాతెప్పుడైనా వేస్తుందేమో తెలీదు. ఏడాదిగా నేను ఒక్కదాన్నే అనుకుని చచ్చిపోతుంటే, పక్కగదిలో నాలాగే భయపడే మనిషి ఉండి కూడా నా చెయ్యి పట్టుకెళ్ళి దాని నోట్లో పెట్టింది. ఒంటిమీద కారం చల్లినట్టు మండిపోయింది నాకు.

గొడవ విని మా ఆయన వచ్చారు. తలమీంచి నీళ్ళు కారుతూ, తండ్రి తద్దినానికి తడిపంచె కట్టుకుని, ఎవరూ తగలకుండా ముడుచుకుని నడుస్తూ వచ్చారు. బట్టలు చూశారు, తల్లిని చూశారు, నన్ను చూశారు. గొంతు తగ్గింది. "బ్రాహ్మలు పదింటికి వస్తారు. ఇంకో విడత వెయ్యాలి. ఆ అడాప్టర్ ఇటియ్యి," అన్నారు.

ఎప్పటిలాగే ఒక అడుగు వెనక్కి వేశాను. అయినా చెప్పాను. "శ్యామ్ బాబుగారికి ఫోన్ చేస్తున్నాను. బోర్డు మీద పసుపు మాదే, నా చేత్తోనే పోశానని చెప్తాను. ఆయన్ని దొంగ అన్నందుకు మీరు క్షమించమని అడగాలి. ఆయన వచ్చి ఎర్త్ వెయ్యాలి, టెస్టరు పెట్టి మీ కళ్ళకి చూపించాలి. అందాకా ఇవ్వను."

"శ్రీకళా," ఇంకా తగ్గింది గొంతు, దాదాపు గుసగుస. "నెమ్మదిగా చెప్తున్నాను. ఇయ్యి."

ఆయన చెయ్యి చాపారు. ఆ చెయ్యి నా గుప్పిటకి జానెడు దూరం దాకా వచ్చి, ఒంటి మీది మడి గుర్తొచ్చి, అక్కడే గాల్లో నిలబడిపోయింది. భవానిని దగ్గరికి లాక్కుని నా వెనక నిలబెట్టుకున్నాను. గుప్పిట మాత్రం విప్పలేదు.

"కావాలంటే నన్ను ముట్టుకుని తీసుకోండి," అన్నాను.